హైడ్రోజన్ మడి కట్టుకుంది

హైడ్రోజన్‌కు మైల తగులుతుందని ప్రపంచంలో మొదట కనిపెట్టింది మా జిల్లా వాళ్లమే. ఈ సంగతి సైన్సు పుస్తకాల్లోకి ఇంకా ఎక్కలేదు. ఎక్కినా మా పేర్లు వేస్తారన్న ఆశ నాకు లేదు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాసి పెడుతున్నాను. నా పేరు శేషఫణి. బస్సు డిపోలో చిన్న అధికారిని. ఈ వ్యవహారంలో నేను చేసిందల్లా అడిగిన చోట సంతకం పెట్టడం, అడగని చోట నోరు మూసుకోవడం.

ముందు హైడ్రోజన్ గురించి ఒక ముక్క. నీళ్లలోకి కరెంటు పంపిస్తే నీళ్లు రెండు వాయువులుగా విడిపోతాయి. అందులో ఒకటి హైడ్రోజన్. దాన్ని పట్టి బస్సులో నింపితే బస్సు నడుస్తుంది. వెనక గొట్టంలోంచి పొగ బదులు నీళ్లు కారతాయి. మొదట పంపిన కరెంటు బొగ్గు కాల్చి తీసిందైతే అది మామూలు హైడ్రోజన్, గాలి నుంచో ఎండ నుంచో తీసిందైతే హరిత హైడ్రోజన్. మన దేశం డీజిల్ కోసం పరాయి దేశాల గుమ్మాల ముందు చెయ్యి చాచి నిలబడే బాధ దీనితో తప్పుతుందని పెద్దలంటారు. నేనూ నమ్ముతాను. మా వైపు లేనిది వానే గానీ, ఎండా గాలీ అడక్కుండానే వచ్చి పడుతుంటాయి.

పిడుగుమెట్ట అనే ఊళ్లో గుట్ట మీద గాలిమరలున్నాయి, గుట్ట కింద సౌర పలకలున్నాయి. ఆ రెంటి మధ్యా ప్రయోగాత్మకంగా చిన్న హైడ్రోజన్ ప్లాంటు కట్టి, దానికొక బస్సు ఇచ్చారు. తెల్లటి బస్సు, పక్కల మీద ఆకుల బొమ్మలు. పిడుగుమెట్ట నుంచి జిల్లా కేంద్రమైన రాళ్లసంతకు రోజూ తిరగాలి. ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టి, బస్సును నాలుగడుగులు ముందుకు నడిపి, ఫొటోలు దిగి, మళ్లీ వెనక్కి తెచ్చి పెట్టారు. అదే రోజు అంతవరకూ తిరుగుతున్న డీజిల్ బస్సును తీసేశారు. ఒకే దారిలో రెండు బస్సులుంటే ప్రయోగ ఫలితాలు కలగాపులగమవుతాయని పైవాళ్లు చెప్పారు. కొత్త బస్సు బాగోగులు చూడమని నన్ను పిడుగుమెట్టకు వేశారు. అక్కడ మా తులశమ్మ పిన్ని ఇంట్లో దిగాను.

దిగిన మర్నాడే ఓబుళమ్మ వచ్చింది. గుట్ట వారన ఆమెకు కనకాంబరాల తోట ఉంది. ఊళ్లో ఇంకా కొందరు ఆడవాళ్లకూ ఉన్నాయి గానీ వాళ్లందరి తరఫునా మాట్లాడేది ఈమే.

"సార్, బస్సు ఎప్పుడు కదిలేది?"

"త్వరలోనే."

"ఆ మాట నమ్మి ఇంకో అరెకరం పూలు పెడితిని సార్. ఉన్న బస్సు పీకేస్తిరి. మెట్ట దిగి పెద్దరోడ్డు దాకా నడిచి, ఆటో కోసం ఎండలో కూచుని, సంతకు పోయేటప్పటికి పూలు వడలిపోతాండాయి. చూసి మూతి తిప్పుకుంటారు. శ్రావణమాసం వస్తాంది. వరలక్ష్మీ వ్రతానికి అమ్ముకోకపోతే మాకు ఏడాదంతా ఇంకేముంది సార్?"

వ్రతానికి ముందే బస్సు కదులుతుందని హామీ ఇచ్చాను. హామీ ఇవ్వడానికి నాకు అధికారం లేదు. ఆ మొహం చూస్తే ఇవ్వకుండా ఉండటం కూడా నా చేతకాలేదు.

అప్పుడు రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. "హరిత హైడ్రోజన్ ఉత్పత్తి, నిల్వ, రవాణా, వినియోగము మరియు వీటికి అనుబంధముగా జరుగు సమస్త ప్రక్రియలయందును కర్బన సంపర్కము లేకుండునట్లు చూడవలెను" అని. రాసినవాడు ఏ మధ్యాహ్నమో భోజనం చేసి వచ్చి, కునుకు పట్టేలోపు ముగించి ఉంటాడు. మామూలు జిల్లాలో అయితే ఇలాంటిదాన్ని ఫైల్లో పెట్టి దారంతో కట్టేస్తారు. మా జిల్లాలో విరూపాక్షయ్యగారున్నారు.

విరూపాక్షయ్యగారు హరిత ఇంధన ప్రత్యేకాధికారి. అంతకు ముందు పశువైద్య శాఖలో చేశారు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగరు. ఉత్తర్వులో ఒక్క మాట కూడా ఊరికే ఉండదని ఆయన విశ్వాసం. మంచివాడు. మా ఇబ్బందంతా అదే. చెడ్డవాడైతే ఏదో ఒక దారి దొరికేది.

ప్లాంటులో సమావేశం పెట్టారు. ప్లాంటు ఇంజనీరు నస్రీన్ చురుకైన పిల్ల, యంత్రం ఎప్పుడు మొదలుపెడదామా అని తొందరపడుతోంది.

"సంపర్కము అనగా నేమి?" అని విరూపాక్షయ్యగారు మొదలుపెట్టారు.

"కరెంటు బొగ్గుది కాకూడదని సార్. మనది గాలీ ఎండా. అయిపోయింది" అంది నస్రీన్.

"అమ్మా, మీరు యంత్రం వరకే చూస్తున్నారు. ప్రభుత్వం సమస్త ప్రక్రియలూ అంటోంది. మీ ఆపరేటర్లు విధులకు ఏ విధంగా హాజరవుతున్నారు?"

"మోటారు సైకిళ్ల మీద సార్."

"పెట్రోలుతో."

"అవును సార్."

"పెట్రోలు పోయించుకున్న చేత్తోనే వచ్చి మీట నొక్కుతున్నారు."

తాను కనిపెట్టిన దాని లోతు చూసి ఆయనే కుర్చీలో వెనక్కి వాలారు.

ఆపరేటర్లు సైకిల్ మీద రావాలని తీర్మానించాం. సైకిలుకు వాడిన ఇనుము బొగ్గు కొలిమిలో కరిగిందని ఆయనకే గుర్తొచ్చింది. పోనీ ఎడ్లబండి అన్నాను నేను, ఏదో ఒకటి అనాలని. ఎద్దు నెమరేసినప్పుడల్లా వాతావరణానికి హాని చేసే వాయువు వదులుతుందని పశువైద్య అనుభవంతో వివరించారు. ఆ వివరణకు సమావేశంలో సగం సమయం పట్టింది. చివరికి నడిచి రావాలన్నారు. చెప్పులు రబ్బరువి కాబట్టి వట్టి కాళ్లతో. మా వైపు ఎండలో వట్టి కాళ్లతో నడవడమంటే నడక కాదు, ఒక రకం గంతులు. మర్నాటి నుంచి ఆపరేటర్లు అలాగే వచ్చారు.

తరువాతి సమావేశంలో టీ గురించి చర్చ. గ్యాసు పొయ్యి మీద కాచిన టీ తాగిన మనిషిలో గ్యాసు పొయ్యి అంశ ఉంటుందా ఉండదా? ఉంటుందని తేలింది.

"టీ లేకపోతే ఆపరేటరు నిద్రపోతాడు సార్" అంది నస్రీన్.

"నిద్ర కర్బన రహిత ప్రక్రియ" అన్నారాయన.

అలా టీ పోయింది, దాని వెనకే ఇడ్లీ, అన్నం పోయాయి. ఆపరేటర్లకు వడపప్పు, పానకం, అరటిపళ్లు మంజూరయ్యాయి. వాళ్లలో ఒకడు, కడుపు మండినవాడు, మనిషి వదిలే ఊపిరిలో కూడా కర్బనం ఉంటుంది కదా సార్ అని లేచి అడిగాడు. విరూపాక్షయ్యగారు అతన్ని మెచ్చుకుని, స్పష్టత కోరుతూ రాజధానికి లేఖ రాశారు. జవాబు వచ్చేవరకు తాత్కాలిక ప్రాతిపదికన ఊపిరి పీల్చి వదలడానికి సిబ్బందిని అనుమతించారు. ఆ జవాబు ఇంకా రాలేదు.

ఆయన ఇతరులకు పెట్టిన నియమం తాను తప్పే రకం కాదు. రాళ్లసంతలో ఇల్లూ భార్యా ఉన్నా, జీపు ఎక్కకూడదు గనక ప్లాంటు పక్క గదిలోనే మకాం పెట్టారు. ఆయన కూడా వడపప్పే తింటున్నారు.

ఇదంతా ఒకనాడు అన్నం తింటూ మా పిన్నికి చెప్పాను. ఆమె చెయ్యి ఆపి నావైపు చూసింది.

"దీన్ని మడి అంటార్రా. మా అత్తగారు చేసేది. తను ముట్టుకోదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు, పొద్దు వాలేదాకా ఎవరికీ తిండి లేదు. ఇందులో మీరు కనిపెట్టిందేముంది?"

నవ్వుకుని ఊరుకోక మర్నాడు ఆఫీసులో ఈ మాట చెప్పాను. విరూపాక్షయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"శేషఫణిగారూ! సర్వసిద్ధమైన నియమావళి మన వంటిళ్లలో ఉండగా మనం సమావేశాలు పెట్టి అవస్థ పడుతున్నాం!"

సాయంత్రానికి మా పిన్ని ప్లాంటుకు శుద్ధి సలహాదారు అయింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె సరదా పడి ఒప్పుకుంది. ఇంట్లో ఆమె మాట వినే వాళ్లెవరూ లేక చాలా రోజులైంది మరి.

మర్నాడు ప్లాంటుకొచ్చి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇది వంటిల్లా, దేవుడిల్లా?"

"వంటిల్లే అనుకోండి అమ్మా" అంది నస్రీన్.

"నీ పేరేమ్మా?"

"నస్రీన్."

"పొద్దున్నుంచి పొయ్యి మీద పెట్టిందేమన్నా తిన్నావా?"

"అరటిపండు తిన్నానమ్మా."

"అయితే లోపలికి రా."

మా పిన్ని అత్తగారి మడి అయితే ఆ పిల్లను వీధి గడప దగ్గరే ఆపేది. ఈ కొత్త మడి కులమూ మతమూ అడగదు, పొయ్యి సంగతే అడుగుతుంది. ఆ మేరకు దేశం ముందుకు వెళ్లిందని నేను నమోదు చేసుకున్నాను.

లోపల కట్టుకునే బట్టల దగ్గర చిక్కొచ్చింది. పట్టుకు అంత తొందరగా మైల అంటదని విరూపాక్షయ్యగారు ఎక్కడో విని, ఆపరేటర్లందరికీ పట్టుపంచెలు తెప్పిస్తామన్నారు. నస్రీన్ తల పట్టుకుంది.

"సార్, పట్టు ఒరుసుకుంటే నిప్పురవ్వ వస్తుంది. హైడ్రోజన్ దగ్గర నిప్పురవ్వ వస్తే మైలా ఉండదు, మడీ ఉండదు. మనమే ఉండం."

"పట్టు ఎందుకు నాయనా? తడిబట్టను మించిన మడి లేదు" అని మా పిన్ని తీర్పు చెప్పింది.

తడి నూలుబట్ట మీద నిప్పురవ్వ పుట్టదు. ఈ మొత్తం వ్యవహారంలో సైన్సూ మా పిన్నీ ఒక్క మాట మీద నిలబడ్డ చోటు అదొక్కటే. నస్రీన్ ఆ క్షణమే బకెట్టు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని లోపలికి నడిచింది. "నాకు ప్లాంటు నడిస్తే చాలు సార్" అంది. తడిబట్టలతో ఆపరేటర్లు ఆమె వెనకే వెళ్లారు. ఆ ఎండల్లో వాళ్లకు అంత సుఖం ఎన్నడూ లేదట. మధ్యాహ్నానికి మా జిల్లాలో మొదటి హరిత హైడ్రోజన్ తయారైంది. అందరం చప్పట్లు కొట్టాం. నస్రీన్ కళ్లు తుడుచుకుంది. ముఖం అంతా తడిగానే ఉంది గనక ఎందుకని ఎవరూ అడగలేదు.

బస్సులో గ్యాసు నింపారు. డ్రైవరు మద్దిలేటి ముప్పై ఏళ్లు డీజిల్ పొగలో బతికినవాడు. అతన్ని వారం పాటు పానకం మీద ఉంచి, తలస్నానాలు చేయించి, చివరికి స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. పొద్దున్నే పూలబుట్టలతో ఆడవాళ్లు బస్సు దగ్గరికి వచ్చారు. అందరికంటే ముందు ఓబుళమ్మ.

విరూపాక్షయ్యగారు తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒక్క నిమిషం. తమరు ఏ ఇంధనంతో వంట చేసుకుంటారు?"

"కట్టెల పొయ్యి సార్."

"పొగ వస్తుందా?"

"పొగ రాని కట్టెల పొయ్యి యాడుంటాది సార్?"

"ప్రయాణం వినియోగం కిందికి వస్తుంది. ప్రయాణికులు అనుబంధ ప్రక్రియ. పొగ సంపర్కంతో తమరు ఎక్కితే బస్సు హరిత హోదా కోల్పోతుంది. వ్యక్తిగతంగా నాకు తమరిపై గౌరవం ఉంది."

ఓబుళమ్మ బుట్ట దించి నడుముకు ఆనించుకుంది.

"మా అవ్వ కాలంలో మమ్మల్ని తాకితే మైలనేటోళ్లు సార్. ఆ రోజులు పోయినాయనుకుంటిమి. ఇప్పుడు బస్సు మొదలుపెట్టిందా?"

ఆయన మొహం ఎర్రబడింది. నాకైతే అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది. మా బస్సు పక్కన రాసిన 'అందరి బస్సు' అన్న అక్షరాలు కనిపించకుండా వాటికి ఆనుకుని నిలబడ్డాను.

ఉత్తర్వు ముందు ఎవరైనా ఒకటే అని నిరూపించడానికి ఆయన ఆ పూట వచ్చినవాళ్లందర్నీ అడిగారు. స్కూలు మాస్టారిది గ్యాసు పొయ్యి. ఇంకొకతను చుట్ట తాగుతాడు. కాలేజీ పిల్లలు నూడుల్స్ తిని వచ్చారు. జిల్లా మొత్తంలో సౌర పొయ్యి మీద వండుకునే మనిషి ఒక్కడున్నాడని తెలిసి కబురు పంపాం. తనకు పిడుగుమెట్ట వైపు పనేమీ లేదన్నాడు.

ఆ విధంగా బస్సు కదల్లేదు. తుడిచి, కడిగి, నీడలో పెట్టాం. ఈ లోపల మేము పంపిన నివేదిక చూసి రాజధానిలో మురిసిపోయారు. ఇంత పరిశుద్ధమైన బస్సు దేశంలో ఇంకోటి లేదట. పొగ లేదు, శబ్దం లేదు, ప్రమాదం లేదు, ఆలస్యం లేదు. ఒక బృందం డీజిల్ కార్లలో బారుగా వచ్చి, బస్సుకు శాలువా కప్పి, మా అందరికీ ప్రశంసాపత్రాలిచ్చి వెళ్లింది. వాళ్లకు మైల ఉండదా అని నస్రీన్ అడిగితే, ఇంటికొచ్చిన చుట్టాన్ని మడి అడగకూడదని మా పిన్ని చెప్పింది. కార్లు లేపిన దుమ్ము శాలువా మీద పడింది. అది దులపడానికి మళ్లీ స్నానం చేసి రావలసి వచ్చింది.

శ్రావణం వచ్చేసింది. ఒకరోజు పొద్దున ఓబుళమ్మ బుట్టెడు కనకాంబరాలు తెచ్చి మా పిన్ని అరుగు మీద కుమ్మరించింది.

"తీసుకో అవ్వా. చెట్టున ఉంటే రాలిపోతాండాయి, సంతకు పోతే వడలిపోతాండాయి. నీ దేవుడికన్నా పెట్టు."

"ఇన్ని పూలు నేనేం చేసుకునేది ఓబుళమ్మా?"

"నేనేం చేసుకునేది?" అని ఆమె ఖాళీ బుట్ట తీసుకుని వెళ్లిపోయింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట మెల్లగా అంది. మా పిన్ని ఆ పూల ముందు చాలాసేపు కూర్చుంది. అంతవరకూ ఆమెకు ఇదొక ఆటగా ఉండేది. ఆ పూట తిండి కూడా సరిగా తినలేదు.

అదే రోజు ప్లాంటులో విరూపాక్షయ్యగారికి భార్య ఫోను చేసింది. ఆవిడ గొంతు పక్క గదిలోకి కూడా వినిపించేంత స్పష్టమైనది. రాళ్లసంతలో పిడికెడు పూలు దొరకడం లేదనీ, దొరికినవి వాడిపోయి ఉన్నాయనీ, పూలు లేకుండా వరలక్ష్మీదేవిని పిలిచేదెట్లా అనీ, పూల ఊళ్లో కాపురం పెట్టిన మొగుడు ఎందుకు పనికొచ్చినట్టు అనీ అడిగింది. ఆయన "పరిశీలనలో ఉంది" అన్నారు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

సాయంత్రం సమావేశంలో మా పిన్ని ఎవరూ అడక్కుండానే మాట్లాడింది.

"పూలకు మైల లేదు నాయనా."

విరూపాక్షయ్యగారు కలం తీశారు. "ఏ ఆధారంతో అమ్మగారూ?"

"ఎవరు కోసినా, ఎవరు గుచ్చినా, ఎవరు అమ్మినా తీసుకొచ్చి దేవుడి నెత్తిన పెడుతున్నాం గదా! మా అత్తగారంత మడి మనిషి కూడా ఇదే ఓబుళమ్మ వాళ్ల అవ్వ దగ్గర పూలు కొనేది. నీ పొయ్యి ఏదని ఒక్కనాడన్నా అడిగిందా?"

"సార్, పువ్వు చెట్టున ఉన్నప్పుడు గాలిలోని కర్బనం తీసుకునే పెరుగుతుంది. సైన్సు ప్రకారం కూడా ఇబ్బంది లేదు" అని నస్రీన్ అందుకుంది.

"అంటే పూలు బస్సెక్కవచ్చు" అన్నారాయన. ఆయన మొహంలో ఎన్నడూ లేని వెలుగొచ్చి, అంతలోనే పోయింది. "కానీ బుట్ట పట్టుకునే మనిషి?"

"పూలు మోసినంతసేపు ఆ మనిషికీ లేదు" అంది మా పిన్ని. అత్తగారి రాజ్యాంగంలో ఆ నిబంధన ఉందో, అప్పటికప్పుడు పుట్టిందో నేను అడగలేదు.

విరూపాక్షయ్యగారు స్వహస్తాలతో రాశారు: "బస్సునందు పుష్పములను మోయుచున్న వ్యక్తిని, మోయుచున్నంత మేరకు, కర్బన రహిత ప్రయాణికునిగా పరిగణించవలెను." ఆ రోజు నేను పెట్టినంత సంతోషంగా నా ఉద్యోగంలో ఇంకే సంతకమూ పెట్టలేదు.

శుక్రవారం పూజకు పూలు గురువారమే సంతలో ఉండాలి. గురువారం తెల్లారకముందే బస్సు దగ్గర ఊరు ఊరంతా ఉంది. ఓబుళమ్మ తలుపు దగ్గర నిలబడి అందరికీ పూలు పంచి ఎక్కిస్తోంది. స్కూలు మాస్టారి ఒళ్లో బుట్ట, కాలేజీ పిల్లల చేతుల్లో మూటలు, చుట్ట తాగే మనిషి భుజాల మీద దండలు. పూల ఆడవాళ్లు మోయాల్సిన బరువంతా ఊరు మోస్తోంది. చివరికి విరూపాక్షయ్యగారు ఖాళీ చేతులతో వచ్చి మెట్టు మీద కాలు పెట్టారు.

"సార్, పూలు?" అన్నాడు మద్దిలేటి స్టీరింగు ముందు నుంచి.

"నేను ప్రత్యేకాధికారిని."

"వ్యక్తి అని రాసినారు గదా సార్."

ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. నిజానికి ఆ జవాబు ఆయనకు నచ్చింది. ఓబుళమ్మ అన్నిటికంటే పెద్ద బుట్ట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఒత్తొద్దు సార్, నలిగిపోతాయి."

బస్సంతా ఘొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వారు. నవ్వితే ఆయనకు సొట్టబుగ్గలున్నాయని ఆ రోజే తెలిసింది.

బస్సు మెట్ట దిగుతుంటే చప్పుడే లేదు. వెనక గొట్టంలోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద పడుతున్నాయి. మొదటి స్టాపులో ఓబుళమ్మ దిగి, చెంబు పెట్టి ఆ నీళ్లు పట్టింది. పూల మీద చల్లడానికి తలుపు దగ్గరికి వచ్చేసరికి విరూపాక్షయ్యగారి చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని కలం మీదికి పోయింది.

"ఆ నీటిని ముందుగా ప్రయోగశాలకు..."

"పరీక్ష తర్వాత సార్. బుట్ట కొంచెం వంచు."

ఆయన వంచారు. ఆమె చల్లింది. దారి పొడుగునా ఆయన బుట్టను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు. సంతలో పూలు దించీ దించకముందే జనం ఎగబడ్డారు. శ్రావణమాసంలో వాడని పూలు చూసి ఎన్నాళ్లయిందో వాళ్లకు. మధ్యాహ్నం కాకముందే ఆడవాళ్లు బుట్టలన్నీ బోర్లించి దులుపుకున్నారు. ఓబుళమ్మ ఆఖరున మిగిలిన పూలతో మూరెడు దండ గుచ్చి విరూపాక్షయ్యగారికిచ్చింది, అమ్మగారికిమ్మని. ఆయన దాన్ని అరిటాకులో చుట్టుకుని, బస్సును సాగనంపి ఇంటికి పోదామని, డిపోలో పనుండి ఆగిన నాతో పాటు స్టాండుకు వచ్చారు.

అక్కడ బస్సు తలుపు మూసి ఉంది. ఓబుళమ్మా, పూల ఆడవాళ్లూ, మాస్టారూ, ఊరంతా కింద నిలబడి ఉన్నారు. మద్దిలేటి మాత్రం లోపల చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"పూలన్నీ అమ్ముడుపోయినాయి సార్. ఎవరి చేతిలోనూ పువ్వు లేదు. ఎట్లా ఎక్కించేది?"

ఇంత దూరం వచ్చి ఇక్కడ చిక్కుకున్నాం. కొందామంటే సంతలో పువ్వన్నది లేదు. అందరూ విరూపాక్షయ్యగారి వైపు చూశారు. ఉత్తర్వు పక్కన పెట్టండి అని నేను అనబోయాను, అంటే ఆయన వినరని ఊరుకున్నాను. ఓబుళమ్మ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, నడవడానికి కొంగు బిగించింది.

విరూపాక్షయ్యగారు అరిటాకు విప్పారు. దండ తీసి, మొదటి ముడి దగ్గర దారం తెంపారు. ఒక పువ్వు దూసి ఓబుళమ్మ చేతిలో పెట్టారు.

"నిబంధనలో పుష్పముల పరిమాణం పేర్కొనబడలేదు" అన్నారు. "ఎక్కండి."

తరువాత మాస్టారికొకటి, చుట్ట మనిషికొకటి, కాలేజీ పిల్లలకు తలా ఒకటి. ఒక్కొక్కరే పువ్వు పట్టుకుని బస్సెక్కారు. చివరి మనిషికి చివరి పువ్వు అందింది. మద్దిలేటి తలుపు వేశాడు. ఆయన చేతిలో మూరెడు దారం మిగిలింది. దాన్ని వేలికి చుట్టుకుంటూ, ఇంటికెళ్లి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టున్నారు.

బస్సు కదిలింది. కిటికీలోంచి ఓబుళమ్మ తల బయటికి పెట్టి గట్టిగా అరిచింది.

"అమ్మగారికి చెప్పు సార్! రేపు పొద్దున్నే తెచ్చిస్తా. బస్సుంది గదా!"